ఏలగిరి మలుపులు

మూడు తరాలుగా మాది హోసూరు. మా అబ్బాయి మొదటి మోటారు సైకిలే పెద్దది కావాలన్నాడు. దుకాణంలో ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు అందాయి. నచ్చజెప్పి, రెండు పాదాలూ ఆనే 160 సి.సి. బండి కొన్నాము. నాలుగు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

ఆరు నెలలకు కృష్ణగిరి మీదుగా ఏలగిరి బయలుదేరాము. నేను వెనుక కూర్చున్నాను. కొండదారిలో 14 మెలిక మలుపులు. మూడవదానిలో గేరు తగ్గించక ఇంజను ఆగి, బండి ఒరిగింది. నా గుండె ఝల్లుమన్నది. వాడు కాలు ఆనించి నిలబెట్టాడు. పెద్ద బండి అయితే ఆగేదా?

మొన్న మళ్లీ వెళ్లాము. మలుపుకు ముందే వేగమూ గేరూ తగ్గించి, చూపు మలుపు చివర నిలిపి, ఒక్కసారైనా కాలు దించకుండా ఎక్కాడు.

"ఇక పెద్దది కొందామా?" అన్నాను.

"దీని రుచి ఇప్పుడే కదా నాన్నా తెలుస్తున్నది!" అన్నాడు.