అట్టపెట్టెలోని అడవి

బూట్లు వచ్చిన అట్టపెట్టెను పక్కకు పరుండబెట్టి, లోపల చిన్న అడవిని నిలుపుట బడిపిల్లలకు ప్రియమైన పని. ఆకులు, ఇసుక, మట్టిబొమ్మలు ఎవరైనను అమర్పగలరు. చిక్కంతయు మూలలయందే కలదు. మూల కనబడెనా, అడవి మాయమై అట్టయే మిగులును. కావున నేర్పరులు లోపల కాగితమును విల్లువలె వంచి నిలిపి, దూరపు చెట్లను చిన్నవిగా, లేతరంగున చిత్రింతురు.

అమెరికా దేశీయుడగు కార్ల్ ఏక్లీ 1890లో మిల్వాకీ ప్రదర్శనశాలయందు మస్క్‌రాట్ అను నీటిజంతువుల నివాసమును ఇట్టి దృశ్యముగానే నిర్మించెను. పిమ్మట న్యూయార్కు ప్రదర్శనశాలకై గొరిల్లాలను వేటాడి తెచ్చెను; తెచ్చినవాడే వానిని ఇక చంపరాదని ఏలికలను వేడెను. వాని కొండల చిత్రమునకై 1926లో మరల కాంగోకు పోయి, అచటనే వ్యాధిచే మరణించెను. తోడివారు పని ముగించిరి. నేటికిని ఆ గొరిల్లా రొమ్ము చరచుకొనుచు నిలిచియున్నది. అది నిలిచినట్లు చూపిన కొండవాలు మికెనోది. ఏక్లీని సమాధి చేసినదియు ఆ కొండమీదనే.