రెండొందల బేరం

హెచ్ఐవీ నివారణ పనిలో చేరినప్పుడు మాకు ఇచ్చినవి కండోమ్ పెట్టెలు, బొమ్మల చార్టు, వాడకం చూపించడానికి ఒక చెక్క నమూనా. జబ్బు గురించి తెలియజెబితే చాలు, జనం జాగ్రత్త పడతారన్నది శిక్షణ సారం. తీరా చూస్తే, రాజమండ్రి పక్క హైవే ధాబాల దగ్గర నిలబడే ఆడవాళ్లకు చార్టులో ఉన్నదంతా ఎప్పుడో తెలుసు.

వాళ్లలోంచే వచ్చిన మా పీర్ ఎడ్యుకేటర్ చార్టు జోలికే పోయేది కాదు. డబ్బు లెక్క అడిగేది.

"ఇయ్యాళ ఫైనాన్స్ ఎంత కట్టాలే?"

"మూడొందలక్కా. ఇంకా బోణీ లేదు. ఒకడొచ్చాడుగానీ, అది లేకుండా అయితే రెండొందలు ఎక్కువిస్తానంటున్నాడు."

ఆ రెండొందలు వదులుకుంటే పొద్దున్నే కలెక్షన్ కుర్రాడు గుమ్మంలో కూర్చుని వీధంతా వినబడేలా అరుస్తాడు. జబ్బు బయటపడేదేమో ఏళ్లు గడిచాక. దగ్గర్లో ఉన్న భయమే ఎప్పుడూ గెలుస్తుంది.

పోలీసుల భయమూ అలాంటిదే. సంచిలో కండోమ్ కనబడితే అదే సాక్ష్యమని కేసు రాస్తారనుకున్నప్పుడు, మేం ఇచ్చినవి తుప్పల్లోకి పోయేవి. రిపోర్టులో మాత్రం పంపిణీ పూర్తయినట్టే. కండోమ్ ఉండటాన్ని నేరంగాగానీ, నేరానికి సాక్ష్యంగాగానీ చూడకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పాల్సి వచ్చింది. మగవాళ్లతో సంబంధాలుండే మగవాళ్లనైతే, ఆ సంబంధాన్నే నేరంగా చూసిన 377వ సెక్షన్ 2018 దాకా వెంటాడింది. పేరు చెప్పుకోవడానికే జంకేవాళ్లు పరీక్షకు ఏం వస్తారు?

అప్పుల భయం తగ్గితేనే జాగ్రత్త కుదురుతుందన్న సంగతి, సెక్స్ వర్కర్లుండే కోల్‌కతా సోనాగాఛీలో ముందే కనిపెట్టారు. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడి ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టుకున్నారు. 1995లో వాళ్లే ఉషా సహకార సంఘం పెట్టుకుని పొదుపు చేసుకున్నారు, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా అప్పు పుట్టించుకున్నారు. చేతిలో నాలుగు డబ్బులుంటే బేరం వదులుకోవచ్చు. ఒకామె కాదంటే పక్కామె దగ్గరికి పోయే మనిషి, వీధంతా ఒక్క మాట మీదుంటే దారికొస్తాడు.

మందుల సంగతీ అంతే. హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మాత్రలను 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుని, పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గితే లైంగికంగా మరొకరికి సోకదు. కానీ ఏఆర్‌టీ సెంటర్ దగ్గర ఎవరైనా చూస్తే అద్దె గది పోతుందని జంకే మనిషికి మాత్ర ఉచితమైనా దూరమే. అలా వెళ్లగొట్టడం 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం తప్పని ఆ మనిషికీ, ఇంటి ఓనరుకూ కూడా తెలియాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నెలకు ఎన్ని కండోమ్‌లు పంచాలని అడుగుతుంటారు. ముందు ఎవరికెంత అప్పుందో, ఎవరికి ఏ స్టేషన్ భయముందో కనుక్కోమంటాను. అక్కడ కాస్త ఊపిరాడితే కండోమ్‌లు వాళ్లే అడిగి తీసుకుంటారు.