పెట్టెలోని సీసా

మిరప కళ్లములు ఎత్తివేసిన పిమ్మట పెదకాకాని చేలలో చిన్న విమానమును ఎగురవేయుట మా పెద్దబ్బాయికి సరదా. పోయిన వేసవిలో వాడు దాని యింధనమును మంచినీళ్ల సీసాలో పోసి పనిముట్ల పెట్టెలో నుంచెను. దాహమైన మా చిన్నమ్మాయి ఆ యెఱ్ఱని ద్రవమును షర్బతనుకొని మూత తీసినది. ఆముదపు వాసనకు మొగము చిట్లించి దించుటచే గండము గడచినది.

ఆముదము ఇంజను కందెనకై కలిపినది. అందు ముఖ్యభాగము మిథనాలు. అది కొంచెము కడుపులోనికి పోయినను చూపు పోవచ్చును, ప్రాణమే పోవచ్చును. అంటుకొన్నచో పట్టపగలు దాని మంట కంటికి సరిగా కానరాదు.

మఱునాడే వేఱొక డబ్బాకై వెదకితిమి. గాజుసీసా రాతిపై బడిన పగులును. అల్యూమినియమును మిథనాలు క్రమముగా తినివేయును. కడకు, ఇట్టి యింధనమును అమ్మువారు వాడునట్టి దళసరి పాలిథీన్ డబ్బాను, అడుగున త్రిభుజములో 2 అంకె యుండుట చూచి, లీటరుది కొంటిమి. (పెట్రోలు ఇంజను గలవారు పెట్రోలుకై చేసిన డబ్బానే కొనవలెను.) మిథనాలు గాలిలోని తేమను పీల్చి చెడును గనుక మరమూత బిగుతుగా నుండవలెను; ఎండకు వ్యాకోచించును గనుక నిండుగా పోయరాదు.

డబ్బాపై ‘విషము’ అని పెద్దయక్షరములతో వ్రాసి, చదువురాని చిన్నదానికై పుఱ్ఱెబొమ్మను గూడ వేసితిమి. మంచినీళ్లిపుడు మరచెంబులో వేఱుగా వచ్చును. పెట్టెకు తాళము వేసితిమి. అబ్బాయి సణుగుచునే యున్నాడు గాని, తాళపుచెవి మా కొంగుననే యున్నది.