సన్న సద్దు

పెద్ద సద్దు మా పులివెందులకు కొత్త కాదు. పెండ్లయినా, దేవరైనా, శ్రీరామనవమి పందిరైనా మైకు కట్టాల్సిందే. నా చిన్నతనంలో మైకంటే వేపకొమ్మకు బిగించిన ఇనుప గొట్టం. విచ్చిన ఉమ్మెత్తపువ్వులా ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికే అందులోంచి ఘంటసాల పాట మొదలయ్యేది. ఊరి బయట చీనీతోటల్లో నీళ్లు కట్టేవాళ్లకు కూడా ఆ పాట చేరేది. మా ఈడువాళ్లం ఘంటసాలను ఎరిగింది ఆ గొట్టం నుంచే. ఆయన గొంతంటే మాకు ఊరంతా నిండే గొంతు.

ఇంట్లో రేడియో ఉండేది. అప్పట్లో సేద్యానికి కరెంటు రాత్రిళ్లు వచ్చేది. మా నాయన ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని బావి దగ్గరికి పోయేవాడు. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రం ఆయనకు తోడు. మోటరు రొదను దాటి పాట చెవిన పడాలంటే గుండీని చివరిదాకా తిప్పాలి. చివరిదాకా తిప్పితే ఆ చిన్న స్పీకరు గరగరమనేది. పాట వినాలంటే ఏదో ఒక రొదను గెలవాల్సిందేనని మా చెవులకు అలవాటైపోయింది.

ఆ అలవాటు నాకు ఇన్నేళ్ల తర్వాత ఒక పాత ఫోను వల్ల మారింది.

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు, తాను వాడి పక్కన పెట్టిన ఎల్‌జీ వీ30 ప్లస్ ఫోనును నా చేతిలో పెట్టాడు. "మామా, దీంట్లో సిమ్ము వేయొద్దు. పాటలు వినేదానికే పెట్టుకో. తీగ ఉండే హెడ్‌ఫోన్లతోనే విను" అన్నాడు. 2017 డిసెంబరులో మన దేశంలో 44,990 రూపాయలకు అమ్మకానికి వచ్చిన ఫోను అది. పాటల కోసం ఫోనులో వేరే ఏర్పాటు ఏముంటుందని అడిగితే, తోటలో చెట్టు కింద కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైనంత నా మాటల్లో చెబుతాను.

ఫోనులో పాట అంకెలుగా ఉంటుంది. సీడీ పద్ధతిలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసిపెడతారు. ఆ అంకెలను మళ్లీ కరెంటు అలగా మారిస్తేనే హెడ్‌ఫోనులోని పలుచటి పొర కదిలి పాట పుడుతుంది. ఆ మార్పు చేసేదే డ్యాక్. ఏ ఫోనులోనైనా డ్యాక్ లేకుండా పాట రాదు. చాలా ఫోన్లలో అది నూరు పనులు చేసే ఏదో చిప్పులో ఒక మూలన సర్దుకుని ఉంటుంది. ఈ ఫోనులో మాత్రం ఈఎస్ఎస్ అనే కంపెనీ చేసిన చిప్పును ఆ పని కోసమే విడిగా పెట్టారు. అందులో నాలుగు డ్యాక్‌లు ఒకటిగా పనిచేస్తాయి. అందుకే దాన్ని క్వాడ్ డ్యాక్ అన్నారు.

నాలుగెందుకంటే, మండీలో ఒకే మూటను నాలుగు కాటాల మీద తూచామనుకోండి. ఒక కాటా కొంచెం ఎక్కువ చూపుతుంది, ఇంకొకటి కొంచెం తక్కువ చూపుతుంది. నాలుగింటినీ కలిపి సగటు తీస్తే ఆ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు తూకానికి దగ్గరగా వస్తాం. ఇక్కడా అదే లెక్క. పాట నాలుగింటిలోనూ ఒకటే కాబట్టి కలిసి బలపడుతుంది. ఒక్కోదానిలో పుట్టే సన్నని బుసబుస దేనికదే వేరు కాబట్టి కలవక వెనకబడిపోతుంది. పాట వెనక నిశ్శబ్దం మిగులుతుంది.

హెడ్‌ఫోన్ల సంగతి మరొకటి. కరెంటుకు అడ్డుపడే గుణం ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది. దాన్ని ఓముల్లో చెబుతారు. చెవిలో దూర్చుకునే మామూలు ఇయర్‌ఫోన్లు 16, 32 ఓములు ఉంటే, స్టూడియోల్లో వాడే పెద్దవి కొన్ని 300 ఓములు ఉంటాయి. బోరు వేయించిన రైతుకు ఇది వెంటనే తెలిసిపోతుంది. నూరడుగుల బోరుకు సరిపోయే మోటరును వెయ్యడుగుల బోరులో దించితే నీళ్లు పైకి రావు. ఈ ఫోను తీగ గుచ్చగానే ఆ లోతు కొలుచుకుంటుంది. 50 ఓములు, ఆ పైన ఉన్నవి తగిలిస్తే వోల్టేజీ పెంచి ఇస్తుంది.

మొదట ఏ పాట వినాలో నేను ఆలోచించే పనే లేకపోయింది. మల్లీశ్వరి పాటలే. ఆ సినిమా తీసిన బి.ఎన్.రెడ్డి మా తాలూకా మనిషి. 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టాడు. మద్రాసులో వాహినీ చిత్ర సంస్థను నిలబెట్టాడు. 1951 డిసెంబరులో మల్లీశ్వరి విడుదలైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాటలు, సాలూరు రాజేశ్వరరావు సంగీతం, భానుమతి, ఘంటసాల గొంతులు. తర్వాతి కాలంలో బి.ఎన్.రెడ్డికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా వచ్చింది. ఇన్ని తెలిసి కూడా ఆ పాటలను నేను సరిగా విననేలేదని ఆ మాపు తెలిసింది.

మిద్దె మీద మంచం వేసుకున్నాను. ఫోను పై అంచున ఉన్న బెజ్జంలో తీగ గుచ్చితే టిక్కుమని చిన్న చప్పుడైంది. తెర మీద క్వాడ్ డ్యాక్ మీట నొక్కాను. చెవులను కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మేఘాలతో కబురంపుకునే ఆ యుగళగీతం పెట్టాను. ముందు పాత రికార్డింగు తాలూకు సన్నని గరగర. దాని వెనక నుంచి వాద్యాలు. ఆ తర్వాత గొంతు. మాటకూ మాటకూ నడుమ ఘంటసాల ఊపిరి తీసుకోవడం వినిపించింది. చరణం చివర గొంతును మెల్లగా దించి, నేల మీద పువ్వు పెట్టినట్టు వదలడం వినిపించింది. అది మోనో రికార్డింగు, రెండు చెవులకూ ఒకే శబ్దం. అందుకే గొంతు కుడిపక్కకో ఎడమపక్కకో పోకుండా నుదుటి వెనక నిలబడింది. ఆ పాటను నేను ఎన్ని నూర్లసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఊపిరి మాత్రం వినడం అదే మొదలు.

మరునాడు మా అమ్మకు వినిపించాను. ఆమెకు ఎనభై దాటింది. ఆ సినిమాను పెండ్లయిన కొత్తలో టెంటు హాల్లో చూసింది. కొంగు పక్కకు జరిపి హెడ్‌ఫోన్లు తగిలించాను. వాల్యూం పెంచలేదు. కొంచెంసేపు నా మొగం చూసింది, తర్వాత కండ్లు మూసుకుంది. పాట అయిపోయినాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని అడిగింది: "ఏమబ్బీ, ఘంటసాల ఇంత నెమ్మదిగా పాడినాడా?"

ఆ మాట నన్ను వదల్లేదు. అరవై ఏళ్లుగా ఆమె ఆ పాట వింటూనే ఉంది. టెంటు హాల్లో వినింది, గుడి మైకులో వినింది, మోటరు పక్కన రేడియోలో వినింది. పాట చేరింది, నెమ్మది చేరలేదు. ఆ కాలంలో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేసారి కలిసి రికార్డు చేసేవారు. ఎక్కడ తప్పు పడినా మొదటి నుంచీ పాడాలి. గొంతు మైకుకు ఎంత దగ్గరుండాలి, వాద్యం ఎంత దూరం జరగాలి అని చూసుకుని, ఒక మనిషి చెవి దగ్గర పాడినంత మెల్లగా పట్టి ఉంచారు. ఇనుప గొట్టం దాన్ని కేకగా మార్చింది. వాళ్లు పట్టిన నెమ్మది మా అమ్మ దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. మంచి శబ్దమంటే ఏమిటని ఇప్పుడు నన్నడిగితే ఒకటే చెబుతాను: సన్న సద్దును సన్నగానే తెచ్చి ఇవ్వగలగడం.

ఆ ఫోనులో నేను విన్న ఇంకో గొంతు ప్రొద్దుటూరుది. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు తన శివతాండవాన్ని తానే చదివిన రికార్డింగు ఉంది. అగస్త్యేశ్వరుని గుడిలో ప్రదక్షిణలు చేస్తూ అల్లిన కావ్యమని ప్రొద్దుటూరు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫోను స్పీకరులో వింటే దాని ఊపు ఒక్కటే తెలుస్తుంది. హెడ్‌ఫోన్లలో వింటే, ఎంత వేగంలోనూ ఒక్క ఒత్తక్షరాన్ని కూడా మింగని ఆ నాలుక తెలుస్తుంది. పద్యం చదవడం నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

ఇంత చెప్పినాక ఇంకో నిజం కూడా చెప్పాలి. చిప్పు ఒక్కటే అన్నీ చేయలేదు. మామూలు ఫోనుకూ దీనికీ తేడా ఉంది గానీ, అది భూమికీ ఆకాశానికీ ఉన్నంత కాదు. నా అనుభవంలో మొదటి స్థానం రికార్డింగు ప్రతిది, రెండోది హెడ్‌ఫోన్లది, మూడోది డ్యాక్‌ది. సీడీలో సెకనుకు సుమారు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. నాలుగు నిమిషాల పాటకు 40 ఎంబీ పైనే. అదే పాటను 128 కిలోబిట్ల ఎంపీ3గా కుదిస్తే 4 ఎంబీకి లోపే. చెవి గమనించదనుకున్న వాటిని తీసేస్తేనే అంత కుదురుతుంది. అలా తీసేటప్పుడు మువ్వల మోత చివర, తాళాల చివర సాగే సన్నని మెరుపు మొదట దెబ్బతింటుంది. ఒకసారి ఆ మల్లీశ్వరి పాటనే ఇంటర్నెట్టులో దొరికిన వేరే ప్రతిలో విన్నాను. ఎవరో దానికి ప్రతిధ్వని కలిపి, రెండు చెవులకూ పంచి, గరగరతో పాటు గొంతులోని తేమను కూడా తుడిచేశారు. బావిలోంచి పాడినట్టుంది. మంచి డ్యాక్ ఆ తప్పును కూడా దాచకుండా వినిపిస్తుంది.

అందుకే పాత ఆడియో సీడీలు ఇంట్లో ఉంటే పారేయొద్దు. వాటిని ఫ్లాక్ ఫైళ్లుగా ఎక్కించుకుంటే సీడీలో ఉన్నది ఒక్క చుక్క పోకుండా, సుమారు సగం చోటులో ఇమిడిపోతుంది. పెద్ద పెద్ద అంకెలు చూసి మోసపోవడం కూడా వద్దు. 1951 నాటి సినిమా పాటకు 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని చీటీ అంటించినంత మాత్రాన అప్పుడు పట్టని శబ్దం ఇప్పుడు పుట్టదు.

తీగ సంగతి కూడా తెలుసుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఫోను అంకెలను గాలిలో పంపిస్తుంది. వాటిని పాటగా మార్చేది ఇయర్‌బడ్‌లో ఉండే చిన్న డ్యాక్. ఫోనులో ఎంత మంచి చిప్పున్నా అప్పుడు దానికి పనే ఉండదు. 2016లో ఐఫోన్ 7తో యాపిల్ ఆ 3.5 మిల్లీమీటర్ల బెజ్జాన్ని తీసేసింది. తర్వాత చాలా కంపెనీలు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. తీగనూ డ్యాక్‌నూ తన పెద్ద ఫోన్లలో చాలాకాలం నిలబెట్టిన ఎల్‌జీ, ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని 2021 ఏప్రిల్ 5న ప్రకటించింది. పాట కోసం ఇంత శ్రద్ధ పెట్టిన ఫోన్లు ఆ కంపెనీ నుంచి ఇక కొత్తగా రావని తెలిసి నిజంగా బాధపడ్డాను.

అయితే దారి మూసుకుపోలేదు. ఛార్జింగు పెట్టే బెజ్జంలోనే గుచ్చుకునే చిన్న డాంగిళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒక వేలెడంత ముక్కలో డ్యాక్, ఆంప్లిఫయరు రెండూ ఉంటాయి. చేతిలో ఉన్న ఫోనుకే అది తగిలించి తీగ హెడ్‌ఫోన్లతో వినొచ్చు. పాత ఫోను కోసం అంగళ్లు తిరగనక్కర్లేదు. నాలాగా పాత ఫోను దొరికినవాళ్లు దాన్ని పాటలకే ఉంచుకోండి, కొత్త భద్రతా మార్పులు రాని ఫోనులో బ్యాంకు యాప్‌లు పెట్టొద్దు.

పిల్లలకు ఒక మాట. ఈ ఫోను గొప్పతనం శబ్దం పెంచడంలో లేదు. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగే కొద్దీ వినే గంటలు తగ్గాల్సిందే. పోయిన వినికిడి తిరిగి రాదు. ముద్దనూరు రోడ్డులో లారీల మధ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపేవాళ్లను చూస్తే నా గుండె ఝల్లుమంటుంది. వినాలనుంటే ఇంట్లో కూర్చుని వినండి. చుట్టూ సద్దు లేని చోట కూర్చుంటే వాల్యూం సగం కూడా అక్కర్లేదు.

మీ ఇంట్లో కూడా గుడి మైకులోనో రేడియోలోనో పాట వింటూ పెరిగిన పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లకు నచ్చిన పాట మంచి ప్రతిని వెతికి, తీగ హెడ్‌ఫోన్లు తగిలించి, ఒక్కసారి వినిపించండి. పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకండి. పాట చేసినవాళ్లు ఎంత మెల్లగా చేశారో వాళ్లకు అందాలి.

మా అమ్మ ఇప్పుడు రోజూ మాపున ఒక పాట వింటుంది. వాల్యూం నేను ముట్టుకోను. ఆమే తగ్గించుకుంటుంది.