రెండు బళ్ళ మధ్య భట్టిప్రోలు

బాపట్లలో మా వీధి చివరింటి దంపతులు జర్మనీలో కొడుకును చూసి వస్తూ, దారిలో ఏథెన్సు నగరంలో రెండు రోజులు దిగారు. అది మొదలు మా వీధిలో సాయంత్రమైతే గ్రీకు చరిత్రే. కొండమీది పార్థినాన్ గుడీ, 1687లో వెనిస్ వాళ్ళ గుండు తగిలి, లోపల టర్కీ వాళ్ళు దాచిన మందుగుండు పేలి అది కూలడం, తర్వాత ఎల్గిన్ దొర అక్కడి శిల్పాలను ఊడబెరికి లండను చేర్చడం, అన్నీ బొమ్మలతో సహా చెప్పారు. మా ఆవిడ శ్రద్ధగా విని, ఇంటికొచ్చాక అన్నది గదా: "మనకు పాస్‌పోర్టు లేదు. పాసింజరు బండి టిక్కెట్టుతో అయ్యే ఏథెన్సు ఏదన్నా ఉంటే చూపించండి."

లేకేం? భట్టిప్రోలు ఉంది.

పొద్దున్నే బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగాం. (తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు కదా, పారిస్ మీదుగా ఏథెన్సు వెళ్ళొచ్చామని ఈవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.) అక్కడ రేపల్లె బండి. వేమూరు దాటాక భట్టిప్రోలు. రేపల్లె పోయిన బండి తిరిగొచ్చేలోగా చూడవలసిందంతా చూడాలి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక ఆ ఊరు మన జిల్లాలోదే అయింది. అయినా, విద్యార్థి మిత్రులారా, చూసినవాళ్ళు చేతులెత్తండి అంటే మన కాలేజీలో ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలియాలి.

చూడ్డానికేముందంటే, ఏమీ లేదు. గడ్డి మధ్య గుండ్రంగా ఇటుకల కట్టు. సుమారు 40 మీటర్ల అడ్డం ఉన్న మహాస్తూపం అడుగు అది. ఊళ్ళోవాళ్ళు ఆ దిబ్బకు పెట్టుకున్న పేరు ఈ సంచికలో రాయదగింది కాదు. ఈవిడ ఒక చుట్టు తిరిగి "పైదంతా ఏమైందండీ?" అంది.

పైది మనవాళ్ళకు పనికొచ్చింది. క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటి కట్టడం అన్నేళ్ళ గాలివానలకు తట్టుకుని నిలబడింది గాని, తెల్లదొరల నాటి కాలువల ఇంజనీర్లకు తట్టుకోలేకపోయింది. ఇటుకలు రోడ్డుకు పోయాయి. పాలరాతి పలకలు పక్కనున్న వెల్లటూరు తూముకు పోయాయి. ఏథెన్సులో పేలుడుకు కూలినదాన్ని ప్రపంచమంతా వెళ్ళి చూస్తుంది. ఇక్కడ గునపాలతో, లెక్కలు రాసుకుని మరీ కూల్చారు. ఎల్గిన్ దొర నయమనిపిస్తుంది ఒక్కోసారి. ఆయన తీసుకుపోయినవి అద్దాల గదిలోనైనా ఉన్నాయి.

అయితే ఒక్కటి మిగిలింది. స్తూపం నడిబొడ్డున, లోతుగా దింపిన నిలువు గొయ్యి జోలికి ఎవరూ పోలేదు. 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అది తవ్విస్తే మూడు రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, బుద్ధుడివని నమ్మి దాచుకున్న ధాతువులు. ఆ ధాతువుల్లో ఒకటి కలకత్తా చేరి, 1920 నుంచి అక్కడి ధర్మరాజిక విహారంలో పూజలందుకుంటోంది.

బంగారంకన్నా విలువైంది ఆ రాళ్ళ మీది రాత. భాష ప్రాకృతం. లిపి మాత్రం ఒక వింత బ్రాహ్మి. మామూలు బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లులో 'అ' దానంతటదే ఉంటుంది. ఇక్కడ 'అ' పలకాలంటే దానికీ ఒక గీత పెట్టాలి. మన తలకట్టు అందులోంచే పుట్టిందని నేననను గాని, రోజూ తలకట్లు పెట్టేవాళ్ళం, తెలుసుకోదగ్గ సంగతి. బ్యూలర్ పండితుడు 1894 నాటికి ఈ రాతలు చదివి అచ్చువేశాడు. కుబిరకుడనే రాజున్నాడు అందులో. ఒక గోష్ఠి, అంటే సంఘం, సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఈ సంచికలో మన విద్యార్థి సంఘం కార్యవర్గం పేర్లు వేసుకున్నట్టే.

ఇదంతా వేపచెట్టు నీడన కూర్చుని, పులిహోర తింటూ ఆవిడకు చెప్పాను. మొదటి భరిణె ఎవరిచ్చారో కూడా చెప్పాను: కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు. అంతే ఉంది.

"వాళ్ళిద్దరి పేర్లేవీ?"

"లేవు. కొడుకు పేరే తమ పేరనుకున్నారేమో."

"ఆవిణ్ణి అడిగి చెక్కారా ఏమిటి?" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మాకు పిల్లలు లేరు. మా ఆవిడ చెల్లెలి కొడుకు ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నది ఈవిడే. పరీక్షలప్పుడు తెల్లారుజామున కాఫీ కలిపిచ్చిందీ ఈవిడే. పోయిన మాఘంలో వాడి పెళ్ళయింది. శుభలేఖలో తల్లిదండ్రుల పేర్లు వేశారు. అది న్యాయమే. కింద "బంధుమిత్రుల అభినందనలతో" అని ఉంటుంది చూడండి, మేము అందులో ఉన్నాం. ఆ కార్డు చూసిన రోజున ఈవిడ ఏమీ అనలేదు. పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. ఆ తర్వాతా అనలేదు. నేనూ అడగలేదు.

స్టేషనుకు తిరిగి నడిచొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. బండి ఇంకా రేపల్లెలో కదల్లేదన్నారు. చాలాసేపటికి ఆమె, "ఆ శివుడెవరండీ?" అంది.

"తెలీదు. కురుడి తమ్ముడో, ఎవరో. చుట్టరికం రాయలేదు."

"రాయకపోతే పోనీండి. పేరైతే వేశారుగా."

బండొచ్చింది. కిటికీ పక్క చోటు దొరికింది. వేమూరు దాటిందాకా బయటికే చూస్తూ కూర్చుంది. తెనాలిలో బండి మారేటప్పుడు వాడికి ఫోను చేసి, భట్టిప్రోలు చూసొచ్చామని చెప్పింది.

"అదెక్కడుంది పెద్దమ్మా?" అన్నాడట. చెప్పుకొస్తోంది, బాపట్ల వచ్చేదాకా.