బీజాపూరు రోడ్డున బుద్ధిసామ్యము

హైదరాబాదు శివారున అప్పా కూడలి దాటి పడమటికి తిరిగి, మొయినాబాదు, చేవెళ్ల, ఆలూరుల మీదుగా మన్నెగూడ చేరు 46 కిలోమీటర్ల దారికి ప్రభుత్వపు కాగితములలో 163వ జాతీయ రహదారి యని పేరు. ఊళ్లలో మాత్రము అది నేటికిని బీజాపూరు రోడ్డే. దానికి రెండు ప్రక్కల తొమ్మిదివందలకు పైబడిన మఱ్ఱిచెట్లున్నవి. నిజాము కాలమున నాటినవని వాడుక. బాటసారులకును బండ్ల యెడ్లకును నీడ కావలెనని నాటినవారికి, ఆ నీడ యొకనాడు వ్యాజ్యమున కెక్కునని తోచి యుండదు. ఈ దారిని నాలుగు వరుసలుగా విస్తరింపవలెనన్న సంకల్పమును, ఆ చెట్లను నఱకరాదన్న పట్టుదలయు ఎదురెదురుగా నిలిచి, జాతీయ హరిత న్యాయాధికరణపు మెట్లెక్కి, ఏండ్ల తరబడి వాదించుకొన్నవి. ఆ వాదములో నెవరు గెలిచిరన్నది నా ప్రసంగవిషయము కాదు. అంత చదువును, అంత అనుభవమును గలవారు ఒకే చెట్టు క్రింద నిలిచి, ఒకరి మాట యొకరి చెవికెక్కకయే యేల తిరిగిపోయిరన్నది నన్ను చాలకాలముగా వేధించుచున్న సంగతి.

ఆలూరు గేటు దగ్గఱ బస్సు దిగి ఒక మఱ్ఱిని తీఱికగా చూచినయెడల నీ చిక్కు కొంత తెలియవచ్చును. మొదలు చుట్టును సున్నపు పట్టె, దానిపై ఎఱ్ఱరంగు పట్టె. రోడ్డువైపు బెరడు లారీల చెక్కలు రాచుకొని పోయి పోయి నున్నబడినది. చేనివైపు ఊడలు నేలకు దిగి తామే మ్రాకులైనవి గాని, రోడ్డువైపు ఊడలు బస్సు కప్పు ఎత్తున కత్తిరించినట్లు సమముగా నాగిపోయినవి. పట్నమునుండి ఆదివారమునాడు కారులో వచ్చువాడు ఆ కొమ్మల తోరణమును, పండ్లకు చేరిన పిట్టలను చూచి పరవశించును. అతడు పగటిపూట వచ్చి పగటిపూటనే మఱలిపోవును. తాండూరు నాపరాళ్లు వేసికొని రాత్రివేళ పట్నమునకు దిగు లారీ డ్రైవరుకు తోరణము లేదు, పిట్టలు లేవు. ఎదుటి బండి దీపము కండ్లలో కొట్టిన క్షణమున మీదికి వచ్చినట్లుండు మాను మాత్రమే యున్నది. చేను గల రైతు, నీడ పడిన మేర పంట యెదుగదని గట్టు వెంబడి అడుగులు కొలుచుకొనును. సర్వే చేయువానికి అది యొక వరుస సంఖ్య. వీరిలో అబద్ధమాడువా డెవడును లేడు. చిక్కంతయు నచ్చటనే యున్నది. అబద్ధమాడినవానిని నిలదీయవచ్చును, నిజమునే చెప్పుచున్నవానిని ఏమి చేయగలము?

గేటు దగ్గఱ కూరగాయలమ్మువారు కలరు. ఈ ప్రాంతపు నేల టొమాటోకును, క్యారెట్టుకును, ఆకుకూరలకును, ఇటీవల పూలతోటలకును పేరుపడినది. చేలో పొద్దున కోసిన సరకులో కొంత మార్కెట్టుకు పోగా, కొంత గంపలలో రోడ్డుమీదికి వచ్చును. అట్లు కూర్చున్న యొక అవ్వను, ఈ చెట్టు పోయినచో నీ గతి యేమని అడిగితిని. కన్నీరు పెట్టుకొనునని నా యూహ కాబోలు.

“చెట్టు పోతే గొడుగు ఏసుకొని కూసుంట బిడ్డా. రోడ్డు పెద్దగైతే బండ్లు ఆగుతయా? గది చెప్పు నువ్వు.”

ప్రక్కనే బేరమాడుచున్న ఆటోవాడు ఊరకుండక, “నీడకు కూసునేటోళ్లకు ఏం ఎర్క సారూ, రాత్రి ఈ రోడ్డు మీద బండి నడిపి చూడుండ్రి,” అనెను. “నువ్వు మెల్లగ నడపరాదూ,” అని అవ్వ. ఇరువురును నవ్విరి, ఇరువురిలో నెవరును మాఱలేదు, క్యారెట్టు బేరము మాత్రము కుదిరినది.

ఈ ఆలూరు గేటు దగ్గఱనే 2024 డిసెంబరు 2వ తేదీన ఒక లారీ అదుపు తప్పి, రోడ్డు ప్రక్కన కూరగాయలు పెట్టుకొని కూర్చున్నవారి మీదికి దూసికొనిపోయి, చెట్టును గ్రుద్దుకొని నిలిచినది. నలుగురు ప్రాణములు గోల్పోయిరి. మఱునాడు అందఱును ఆ సంఘటననే చెప్పుకొనిరి; కాని అందఱును ఒకే సంఘటనను చెప్పుకొనలేదు. దారి యిఱుకైనందుననే యింత ఘోరము జరిగినదని యొకరు. చెట్టే లేకున్నచో లారీ యింకెంతదూరము పోయెడిదోయని మఱియొకరు. రోడ్డు అంచున అంగడి పెట్టుటయే తప్పని కారులో పోవువాడనెను. ఊరిముందర ఆ వేగమేమని ఊరివా డడిగెను. ఏడాది తిరుగకముందే, 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున, చేవెళ్ల మండలపు మీర్జాగూడ దగ్గఱ కంకర టిప్పరు తాండూరునుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది మరణించిరి. బస్సులోనివారిపై కంకర గుట్టగా పడిన యా దృశ్యమును చూచి రాష్ట్రమంతయు కంటతడి పెట్టినది. అప్పుడును అంతే. చెట్లకొఱకు వ్యాజ్యము వేసినవారివలననే రోడ్డు ఆగి యింత జరిగెనని కొందఱు వ్రేలు చూపిరి. టిప్పరు నడిచిన తీరును, రోడ్డు గోతులను, ఏండ్ల తరబడి పని సాగదీసినవారిని విడిచి మానులమీద నేరము మోపుదురేమని మఱికొందఱు మండిపడిరి.

లోకమున నొక నమ్మక మున్నది: మనుష్యులు వాదించుకొనుట విషయము తెలియకపోవుటచేతననియు, సాక్ష్యము ముందుంచిన పిమ్మట వివాదము దానంతట నది శమించుననియు. ఇంతటి సాక్ష్యము, అంతకంటె ఘోరమైన సాక్ష్యము, ఏ రోడ్డుకు దొరకినది? అయినను అది రెండు పక్షములలో నొక్కదానినైనను కదల్పలేదు సరికదా, రెంటిని దృఢపఱచినది. సాక్ష్యము వచ్చి తీర్పు చెప్పుట అరుదు; వచ్చినదానిని ఎవరి గాదెలో వారు పోసికొందురు.

మన తార్కికు లీ స్వభావమును ఎఱుగనివారు కారు. వారు చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు తెఱగులుగా చెప్పిరి: తత్త్వమును తెలిసికొనుటకు చేయునది యొకటి, గెలుచుటకు చేయునది యొకటి, తనకొక పక్షమే లేకుండ ఎదుటిదానిని పడగొట్టుట యొకటి. అందఱును తమది మొదటిదనియు, ఎదుటివానిది మూడవదనియు నమ్ముదు రనుట వేఱుమాట. గౌతముని న్యాయసూత్రములలో దృష్టాంతమునకు చేసిన నిర్వచనము మాత్రము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. సామాన్యునకును, శాస్త్రము పరీక్షించినవానికిని ఏ విషయమున బుద్ధి సమముగా నుండునో అదియే దృష్టాంతము కాదగునట. అనగా వాదము మొదలగుటకు ముందే వాదించువా రిరువురును ఒక్కచోట కలిసి యుండవలెను. పొయ్యిలో పొగ ఉన్నచోట నిప్పు ఉండునని ఇరువురును ఒప్పుకొన్న పిమ్మటనే కొండమీది పొగను గూర్చి మాటాడుకొనవచ్చును. బీజాపూరు రోడ్డున ఆ పొయ్యి యేది? మఱ్ఱిచెట్టు దృష్టాంతము కాజాలదు, అదియే వివాదము గనుక. ప్రమాదము కాజాలదు, దానిని చెఱి యొకవిధముగ చదివిరి గనుక. బుద్ధిసామ్యము లేనిచోట ఎంత చక్కని అనుమానవాక్యమైనను, ఇసుకలో పోసిన నీరే.

ఒకే వస్తువు పలువురికి పలువిధములుగా తోచునన్న ఆలోచన ఈ నేలకు క్రొత్తదియు కాదు. మొయినాబాదు మండలములోని ఎనికేపల్లి చెఱువు తూమునకు అమర్చియున్న రెండు జైనస్తంభములు 2023లో పురావస్తు పరిశోధకుల దృష్టికి వచ్చినవి. సుమారు వేయేండ్లనాటివి, తీర్థంకరుల మూర్తులును, శాసనాక్షరములును వాటిమీద నున్నవి. చిలుకూరున నొకప్పుడుండిన జైనాలయము శిథిలమైన పిమ్మట ఆ రాళ్లిక్కడికి వచ్చినవని వారి నిర్ణయము. నేడు చిలుకూరనగానే బాలాజీ తలపునకు వచ్చును గాని, అచ్చట నొకనాడు జైన మునులు సంచరించిరన్నమాట. వస్తువునకు ధర్మము లనేకములనియు, ఒక దృష్టితో చూచి ఉన్నదనినదానిని వేఱొక దృష్టితో లేదనవచ్చుననియు, కావున ప్రతి మాటకు ముందును ‘స్యాత్’ అని చేర్చుకొనుడనియు బోధించిన మతము వారిది. వారి స్తంభమునకే ఆ సిద్ధాంతము వర్తించినది. శాసనజ్ఞునకు అది చరిత్రలో నొక పుట. తూము కట్టినవానికి మంచి నునుపైన రాయి. పవిత్రశిల్పమును బురదలో పాతిరని పండితుడు కోపించును. కోపింపవచ్చును, కాని తూమునకు పనికివచ్చినందుననే గదా అది యే పునాదిలోను పగిలిపోక నిలిచినది!

ఇట్టి సందర్భమున అంధగజన్యాయమును ఉదాహరించుట పరిపాటి. నాకా కథయం దొక యనుమానము కలదు. తోక పట్టుకొన్న గ్రుడ్డివాడును, చెవి పట్టుకొన్న గ్రుడ్డివాడును తగవులాడుకొనుచుండగా, కథ చెప్పువానికి మాత్రము ఏనుగు నిండుగా కనబడుచుండును. ఆ కథను ఉదాహరించు ప్రతివాడును తన్ను ఆ కథకుని స్థానమున నుంచుకొనునే గాని, తోక పట్టుకొన్నవారిలో లెక్కించుకొనడు. అనేకాంతమును ఒప్పుకొనుట సులభము. నా మాటకు ముందు ‘స్యాత్’ అని నేను చేర్చుకొనుట కష్టము.

రోడ్డుకే కాదు, నీటికిని ఇదే గతి. 1908 మూసీ వఱదల పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులను కాపాడుటకు 1996 మార్చి 8వ తేదీన 111వ జీవో వచ్చి, 84 గ్రామములలో కట్టడములకు పగ్గము వేసినది. పట్నమున కుళాయి త్రిప్పువానికి అది కవచము. మొయినాబాదు రైతునకు, ఆ జలాశయముల నీరు త్రాగువారికొఱకు తన భూమి ధరను అణచిపెట్టిన సంకెల. 2022లో ఆంక్షలు సడలించుచు ఉత్తరువు వచ్చినపుడు ఒకరికి పండుగ, ఒకరికి మైల. ఆ కథ యింకను ముగియలేదు.

అయినచో సత్యమే లేదా, ఎవరికి తోచినది వారికి సత్యమా యని నన్ను అడుగవచ్చును. నే నట్లనను. రోడ్డు ఎన్ని అడుగుల వెడల్పున్నదో అది చూచువాని దృష్టినిబట్టి మాఱదు. టిప్పరులో ఎన్ని టన్నుల కంకర యున్నదో కాటాయే చెప్పును. చనిపోయిన పందొమ్మండుగురు ఎవరి దృక్కోణమును కారు. వివాదము వీటిని గూర్చి కానేకాదు. వీటిలో దేనికి దేనిని బలి యీయవచ్చును, ఎవరి రేపటికొఱకు ఎవరి నేడును తగ్గింపవచ్చును అన్న తూనికయొద్దకు వచ్చునప్పటికి, ప్రతివాని చేతిలోను వేఱువేఱు రాళ్లుండును. ఆ రాయిని వాడు పుస్తకమునుండి తెచ్చుకొనలేదు. కూర్చున్నచోటునుండి, నడిపిన బండినుండి, పోగొట్టుకొన్న మనిషినుండి తెచ్చుకొన్నాడు. తమ్ముని ఈ రోడ్డున పోగొట్టుకొన్నవానికి పక్షిగణన చూపి ఒప్పింపబూనుట తర్కదోషము కాదు, అంతకంటె పెద్ద మోటుతనము.

ఒప్పించుట అసాధ్యమైనచోటను ఒప్పందము అసాధ్యము కాదని మాత్రము ఈ రోడ్డే చూపినది. వాదప్రతివాదముల పిమ్మట చెట్లలో నధికభాగమును ఉన్నచోటనే యుంచి, క్రొత్త వరుసను ప్రక్కనుండి నడిపింపవచ్చునని అధికారు లంగీకరించిరి. అప్పుడు చెట్లవారు రోడ్డువారి తత్త్వమును స్వీకరించిరా? లేదు. రోడ్డువారు మఱ్ఱికి మ్రొక్కిరా? అదియు లేదు. ఒకరు ఆ పటమును చూచి చెట్లు బ్రతికినవనిరి, ఇంకొకరు రోడ్డు కదలినదనిరి; కాగిత మొక్కటే, కారణములు రెండు. ఏకాభిప్రాయము వచ్చుదాక పనికి పూనుకొనరాదని పట్టుబట్టు ఆదర్శవాదులకు ఇది హీనముగా తోచవచ్చును. నాకు తోచదు. మనస్సులు కలియుటకంటె గీత యొక్కటి కలియుట చాలసార్లు ఎక్కువ మేలు.

ఆ గీత గీచినపుడు పిలువబడనివారిని గూర్చి మాత్రము నా కసంతృప్తి తీఱలేదు. చెట్లవారి పక్షమున లెక్కలున్నవి, రోడ్డువారి పక్షమున నక్షాలున్నవి. మధ్య పట్టె వెడల్పు ఎంత, మలుపు ఎచ్చట, ఏ మాను తరలింపవలెను అన్నవన్నియు వ్రాతపూర్వకముగా నున్నవి. నాలుగు వరుసల బండ్లు ఆగక సాగిపోవు దారిమీద, ఆలూరులో కోసిన టొమాటోను ఎచ్చట దింపి, ఎవరిని ఆపి అమ్మవలెనన్న అవ్వ ప్రశ్న కా రెండు కట్టలలోను జాగా ఉన్నట్లు నాకు తోచదు. గేటు దగ్గఱ రోడ్డునుండి నాలుగు గజములు లోపలికి, బండి నిలుపుకొనుటకు తావుతో, కప్పు వేసిన చిన్న అంగడి వరుస యొకటి కట్టి యిచ్చినచో, అందులకు రోడ్డువారును చెట్లవారును అభ్యంతరము చెప్పరనియే నా యూహ.