ఏకవచనమా, బహువచనమా?

బిడ్డల ఆంగ్లపాఠముల మాట వచ్చినపుడు మన యిండ్లలో తల్లులు సాధారణముగా వెనుకకు తగ్గుదురు. "ఆ వ్యాకరణము మాకేమి తెలియును?" అని పుస్తకమును తండ్రి చేతికో, ట్యూషను చెప్పువారికో అప్పగింతురు. ఇట్లు తగ్గవలసిన పని లేదని మా యభిప్రాయము. వచనముల విషయమున మన యింటి తెలుగే ఎంత చక్కని యుపాధ్యాయినియో, యొక చిన్న సందేహమును తీసికొని చూపెదము.

పలువురు చేసిన పనిని చెప్పునపుడు ఒక్కొక్కరికి ఒక్కటిగా నున్న వస్తువును ఏ వచనమున చెప్పవలెను? "బాలికలు చేయి యెత్తిరి" అని మనము అందుము. "చేతులెత్తిరి" అన్నచో ఒక్కొక్కతె రెండు చేతులును ఎత్తినట్లు తోచును. ఆంగ్లమున నట్లు కాదు. "ది గర్ల్స్ రెయిజ్డ్ దెయిర్ హ్యాండ్స్" అనుటయే వాడుక. పదిమంది బాలికలకు లేచినవి పది చేతులు గదా! మనము ఒక్కొక్కరి పాలు చూతుము. వారు మొత్తమును లెక్కింతురు. భేద మంతయు నిందే యున్నది.

మా పొరుగింటి పిల్ల యొకతె యిట్టి వాక్యమున "హ్యాండ్" అని వ్రాసి, ఎఱ్ఱసిరా గీత పడగా కన్నీరు పెట్టుకొనినది. ఆ బిడ్డ తెలివితక్కువదై యట్లు వ్రాయలేదు; తెలుగున సరిగా నాలోచించి వ్రాసినది. ఈ సంగతి వివరించి చెప్పగా బిడ్డ కంటె ముందు తల్లి ముఖము తేటపడినది.

మఱికొన్ని చూడుడు. మనము "వారు మనస్సు మార్చుకొనిరి" అందుము. ఆంగ్లమున "మైండ్స్" అనవలెను. ప్రాణముల విషయమున నిది తలక్రిందగును. ప్రాణము లైదని మనవారి లెక్క. కావున ఒక్కడు మరణించినను "ప్రాణములు విడిచెను" అందుము. ఆంగ్లమున ఒక్కనికి "లైఫ్", పలువురికి "లైవ్స్".

అయితే పలువురికి ఉమ్మడియైన దానికి బహువచనము తగదు. అన్నదమ్ములు తమ తల్లిని చూడబోయిన "దెయిర్ మదర్". ఇరుగుపొరుగువారు ఎవరి తల్లిని వారు చూడబోయిన "దెయిర్ మదర్స్". కొన్ని పలుకుబళ్లు మాత్రము మాఱవు. పదిమంది కలిసి పిల్లవానిని కనిపెట్టుచున్నను "కీప్ యాన్ ఐ" అనియే యందురు గాని, కన్నులను లెక్కింపరు.

మన బిడ్డలు తడబడుటకు మఱియొక కారణము కలదు. మన బహువచనము సంఖ్యనే గాక గౌరవమును గూడ తెలుపును. "అత్తగారు వచ్చినారు" అన్నపుడు వచ్చినది యొక్కరే. "మేము" అని వ్రాయుచున్న ఈ వ్యాసకర్త్రియు నొకతెయే! వంటయింటిలో పాలు, నీళ్లు ఎప్పుడును బహువచనములే, నెయ్యి యేకవచనము. ఆంగ్లమున నీ మూడును ఏకవచనములే.

ఇది బడి మార్కులకు మాత్రమే సంబంధించిన విషయ మనుకొనరాదు. ఒక తల్లి తన వీలునామాలో "ఐ గివ్ మై టూ డాటర్స్ ఎ నెక్లెస్" అని వ్రాయించినదనుకొందము. ఇద్దఱికిని కలిపి ఒక హారమా, చెఱియొక హారమా? పోనీ "నెక్లెసెస్" అన్నచో, ఒక్కొక్కతెకు ఎన్ని? ఒక్క యక్షరమును నమ్ముకొని యుండిన, అక్కచెల్లెండ్ర నడుమ చెడరాని బంధము చెడును. అచ్చట "ఈచ్ ఆఫ్ మై టూ డాటర్స్" అని చెప్పి, "వన్ నెక్లెస్" అని వ్రాయించినచో సందేహము తీరును. "ఈచ్" అనునది యొక్కొక్కరిని వేఱుచేసి చూపును. దాని వెంట వచ్చు వస్తువును అట్లే లెక్కింపవచ్చును.

ఈ పనికి మన భాషలో నెంత సొగసైన మాటలున్నవి! ఇద్దఱైనచో చెఱియొకటి, పలువురైనచో తలకొకటి. పండుగనాడు అరిసెలు పంచు ప్రతి యిల్లాలును ఈ లెక్కను దినదినము వాడుచునే యున్నది. వంటయింటిలో వాడు మాటయే కాగితముమీద ఆస్తిని కాపాడును.

కావున సోదరీమణులారా! బిడ్డ పుస్తకము తెచ్చినపుడు ఆంగ్లము రాదని ప్రక్కకు త్రోయకుడు. మూడే ప్రశ్నలు తెలుగున అడుగుడు: ఇది యందఱికి ఉమ్మడిదా? తలకొకటియా? తలకు పెక్కులా? ఉమ్మడిదైన ఏకవచనము. తలకొకటియైన సాధారణముగా బహువచనము. అపార్థము కలుగునన్న భయమున్నచో "ఈచ్" చేర్చి ఏకవచనము. తలకు పెక్కులైన బహువచనమే. ఆంగ్లపదమును బిడ్డ చెప్పును. అర్థమును విడదీసి చూపుట తల్లి పని. ఆ పనికి కావలసిన విద్య మనకు ఉగ్గుపాలనాటి నుండియే యబ్బియున్నది.